బామ్మ గూటి ముందు వెన్నెల

మా జూలో ఒక హాలుంది. బయట ఎండ ఎక్కుతున్న వేళకి ఆ హాల్లో పొద్దుగూకుతుంది. బయట మిట్టమధ్యాహ్నమయ్యేసరికి లోపల నడిరాత్రి. ఊళ్ళో జనం దీపాలు వెలిగించుకుంటుంటే లోపల నెమ్మదిగా తెల్లవారుతుంది. రాత్రిపూట తిరిగే ప్రాణులు పగలు వచ్చే జనానికి కనబడాలంటే పొద్దును ఇలా తలకిందులు చెయ్యడం తప్ప మార్గం లేదు. దాన్ని రాత్రిహాలు అంటాం. అందులో సూర్యచంద్రుల్ని నడిపే ఉద్యోగం నాది.

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా మేనత్త, "అంటే కరెంటు పనా?" అంది. కాదత్తా, కంప్యూటరు పని అన్నాను. "అయితే మా టీవీ రిమోటు చూసిపెట్టు" అని చేతికిచ్చింది. మా వైపు డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అంచేత బంధువుల ఇళ్ళలో చెడిపోయిన వస్తువులన్నిటికీ నాతో చుట్టరికం ఉంది.

హాల్లోకి అడుగుపెడితే మొదట ఏమీ కనబడదు. తడి మట్టి వాసన, ఆకుల వాసన, ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు. కాసేపటికి గాజు అద్దాల వెనక కొమ్మలు తేలతాయి, కొమ్మల మీద కళ్ళు తేలతాయి. నా బల్ల హాలు చివర, ఒక నల్లటి తెర వెనక. స్క్రీను వెలుతురు బయటికి పడకుండా దానికో గుడ్డ కప్పి, ఆ గుడ్డలో తల దూర్చి పనిచేస్తాను. పాతకాలం ఫొటోగ్రాఫరులా ఉన్నావని మా పిన్ని నవ్వుతుంది.

పిన్ని అంటే చుట్టం కాదు. హాల్లో జంతువులకి తిండి పెట్టి, గూళ్ళు కడిగే కీపరు. అందరూ పిన్ని అనే పిలుస్తారు. నోరు పెద్దది గానీ హాల్లో దాన్ని గుసగుసగా దాచుకుని, బయటికి రాగానే బాకీ తీర్చుకుంటుంది. మా పైన ఉండే సూపర్‌వైజరుకి ఆవిడే పేరు పెట్టింది: సర్దుకుపోదాం సారు. ఏ గొడవ తీసుకెళ్ళినా ఆయన మొదటి మాటా చివరి మాటా అదే.

హాల్లో అందరికీ ముద్దైనది ఒక దేవాంగపిల్లి, పేరుకే పిల్లి, నిజానికి కోతులకి చుట్టం. పిడికిలంత శరీరం, పుల్లల్లాంటి కాళ్ళు, మొహమంతా కళ్ళు. కళ్ళద్దాలు పెట్టుకుని మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగుతున్నట్టు కొమ్మల మీద నడుస్తుంది. అందుకే దాన్ని బామ్మ అంటాం. ఆ బామ్మ ఈమధ్యే ఈనింది. బొటనవేలంత పిల్ల, తల్లి పొట్టని కరుచుకుని ఉంటుంది. "బామ్మకి పురుడు పోసిన మంత్రసానిని నేనే" అని పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

కష్టం అక్కడే మొదలైంది. పిల్లని చూడటానికి జనం ఎక్కువయ్యారు. చీకట్లో ఫొటోలు రావడం లేదని గొణిగారు. సారు ఒక కాంట్రాక్టరుని పిలిచి వెన్నెల పెంచమన్నాడు. అతను వెలుతురు అంకెలు మార్చి, బామ్మ పడుకునే చెక్క గూటి ఎదురుగా కొత్త దీపం ఒకటి బిగించి, మార్పులు పట్టాలని ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపాడు. మా హాల్లో ప్రోగ్రాం ఆగితే ఒక్కసారిగా తెల్ల ట్యూబులైట్లన్నీ భగ్గుమంటాయి. జనం చీకట్లో మెట్లు తప్పి పడకూడదని పెట్టిన ఏర్పాటు అది. నడిరాత్రి నెత్తిన సూర్యుడు పగిలినట్టయింది. బామ్మ కీచుమని ఒక్క అరుపు అరిచి, పిల్లతో గూట్లోకి దూరింది. అంత వేగంగా అది నడవగలదని అప్పుడే తెలిసింది మాకు.

మళ్ళీ బయటికి రాలేదు. పిన్ని గూటి గుమ్మంలో మిడతల్ని పెడితే ఒకటో రెండో చెయ్యి చాపి లాక్కునేది. నిన్నటి నుంచి ఆ చెయ్యీ చాపడం లేదు.

డాక్టరమ్మ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది, కానీ మాట మారదు.

"వెలుతురు తగ్గించండి. వస్తుందేమో చూద్దాం. రేపు సాయంత్రం హాలు మూసేలోగా తల్లి బయటికొచ్చి తినకపోతే పాలు ఇంకిపోతాయి. అప్పుడు పిల్లని తీసుకెళ్ళి ఆసుపత్రి గదిలో సీసాతో పెంచాలి."

"విడదీస్తారా?" అంది పిన్ని.

"ఇష్టమై కాదు. ఒకసారి విడదీస్తే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వకపోవచ్చు. కానీ పిల్ల బతకాలిగా."

"సర్దుకు..." అని సారు మొదలుపెట్టాడు. పిన్ని చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

నేను గుడ్డలో తల దూర్చాను. వెలుతురు అంకెలుండే ఫైలు పేరు వెన్నెల. దాన్ని తెరిచి, అమావాస్య ముందటి రాత్రికి ఎంతుండాలో అంత రాసి, సేవ్ చేశాను. తల బయటికి తీసి చూశాను. వెన్నెల ఎక్కడిదక్కడే ఉంది, కొమ్మల మీద సున్నం కొట్టినట్టు.

"మార్చావా?" అని పిన్ని గుసగుస.

"మార్చాను పిన్నీ."

"మరి మారలేదే?"

"ప్రోగ్రాం నడుస్తూ ఉందిగా. మొదలైనప్పుడే వెన్నెల ఫైలుని ఇంపోర్టు చేసుకుంది, అంటే చదివి లోపల పెట్టుకుంది. ఇప్పుడు ఫైలు మార్చినా దానికి తెలీదు. మళ్ళీ ఇంపోర్టు చేసుకోమన్నా, నా దగ్గరుందిగా అంటుంది. ఫైలు వైపు చూడను కూడా చూడదు."

"ఏ భాషలో రాశారమ్మా దీన్ని, అంత మొండిగా?"

"పైథాన్."

"కొండచిలువా!" పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అదీ సంగతి. మన కొండచిలువ కూడా అంతే. ఒకసారి మింగిందా, ఎదురుగా ఏనుగుని పెట్టినా మళ్ళీ నోరు తెరవదు."

నాలుగేళ్ళ డిగ్రీలో నాకింత బాగా ఎవరూ చెప్పలేదు.

మామూలుగా అయితే ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపితే చాలు, కొత్త వెన్నెల చదువుకుంటుంది. కానీ ఆపితే తెల్ల దీపాలు. ఆ భగ్గుమనడం ఇంకోసారి జరిగితే బామ్మ గూట్లోంచి ఎప్పటికీ రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ట్యూబులైట్ల వైరు విడిగా లాగేద్దామంటే, వాటిదీ గూళ్ళని వెచ్చగా ఉంచే హీటర్లదీ ఒకే లైను అన్నాడు ఎలక్ట్రీషియను. నిద్రపోతున్న మనిషి కల చెదరకుండా, ఆ కలలో చంద్రుణ్ణి మార్చాలి. పని అది.

నడుస్తున్న ప్రోగ్రాంతో మాట్లాడటానికి ఒక చిన్న కిటికీ ఉంది. అందులో ఒక్కో మాటే రాయవచ్చు. వెన్నెలని మళ్ళీ మొదటి నుంచి చదువు అని రాశాను. దానికి వేరే ఆజ్ఞ ఉంది, ఇంపోర్టు కాదు, రీలోడ్. చదివింది. ఇప్పుడు వెలుతురెంత అని అడిగాను. కొత్త అంకె చెప్పింది. నా గుండె కుదుటపడింది.

తల బయట పెట్టాను. మళ్ళీ అదే సున్నం.

తలకి తెలిసింది, చేతులకి తెలియలేదు. హాల్లో ప్రతి దీపమూ మొదలైన రోజున వెన్నెల నుంచి తన వాటా అంకె పట్టుకెళ్ళి దగ్గర పెట్టుకుంది. వెన్నెల మారినా, ఎవరి దగ్గరున్న పాత అంకె వాళ్ళదే. అంచేత ఒక్కో దీపం దగ్గరికీ వెళ్ళి, నీ దగ్గరున్నది వదిలేసి కొత్తది తీసుకో అని విడివిడిగా చెప్పాలి. చెప్పాను. ముందు కొమ్మల మీది దీపానికి. అది నిట్టూర్చినట్టు తగ్గింది. తర్వాత గోడ పక్కదానికి. తర్వాత నీటితొట్టి మీదిదానికి. హాలు లోతెక్కిపోయింది. అద్దాల వెనక గబ్బిలాలు వేలాడే మూల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. పిన్ని గాలి పీల్చడం వినిపించింది.

గూటి ఎదురుగా ఉన్న కొత్త దీపం మాత్రం అలాగే ఉంది. గుమ్మంలో తెల్లటి గుడ్డ పరిచినట్టు.

దానికీ చెప్పాను, అదే పాత వెలుతురు. నేరుగా దీపాన్నే తగ్గించి చూశాను. ఒక్క క్షణం చీకటైంది. ఆ క్షణంలో గూటి గుమ్మంలో ఒక ముక్కు కనబడింది. అంతలో దీపం తన పాత అంకె గుర్తు చేసుకుని మళ్ళీ ఎక్కింది. ముక్కు లోపలికి పోయింది.

"ఆడుకోకు దాంతో!" అంది పిన్ని. గుసగుసలో కూడా దెబ్బ తగిలింది.

ఇక ముట్టుకోలేదు. చూస్తుండగానే హాలుకి తెల్లవారే వేళయింది. తెల్లవారాక బామ్మ ఎటూ నిద్రపోతుంది. ఇక మిగిలింది రేపొక్కటే. డాక్టరమ్మ వెళ్తూ, "రేపు బుట్ట తెస్తాను" అంది. అంతే.

బయటికొస్తే నిజం సాయంత్రం. హాల్లో తెల్లవారింది చూసి బయట పొద్దుగూకడం చూస్తే, ఏది కలో కాసేపు అర్థం కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వీధి దీపాలు వెలగడం చూశాను. ఒక్కొక్కటిగా వెలిగాయి, ఎవరో నడుస్తూ ఒక్కోదానికీ చెవిలో చెప్పినట్టు.

మా నాన్న ఒక గోడౌనులో వాచ్‌మన్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనది రాత్రి డ్యూటీ. పగలు నిద్ర. అందుకని మా ఇల్లు పగలంతా గుసగుసలాడేది. అమ్మ మూకుడు మీద మూత గుడ్డ చుట్టి పెట్టేది. కుక్కరు విజిల్ కూస్తుందని కుక్కరే కొనలేదు. పక్కింటివాళ్ళు మమ్మల్ని చాలా రోజులు మూగవాళ్ళనుకున్నారు. ఈమధ్యే నాన్నకి పగలు గేటు దగ్గర వేశారు. సాయంత్రం ఇంటికొస్తున్నాడు. కానీ ఇంటికి ఆ సంగతి తెలియలేదు. గుసగుసలు అలాగే ఉన్నాయి. నాన్న కూడా రాత్రుళ్ళు నిద్ర పట్టక, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధికి కాపలా కాస్తున్నాడు.

నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు.

"నీ చంద్రుడు లొంగాడా?" అన్నాడు.

"మూడు వంతులు లొంగాడు నాన్నా. ఒక దీపం మొండికేసింది."

"మొండికేసిందంటే దాని పైవాడెవడో ఉంటాడు. ఉత్త గేటువాడికి మొండితనం ఎక్కడిదే?" అని తన మాటకి తనే నవ్వాడు.

వంటింట్లోంచి అమ్మ గుసగుసగా ఏదో అడిగింది. నాన్నకి చిరాకేసింది. "ఏమేవ్, నేను మేలుకునే ఉన్నానుగా! గట్టిగా మాట్లాడవే, పుణ్యముంటుంది. సొంతింట్లో దొంగతనానికొచ్చినట్టుంది నాకు."

అమ్మ గరిటె కింద పెట్టింది. తర్వాత గొంతు సవరించుకుని, "టీ కావాలా అని అడుగుతున్నా!" అని అరిచింది. ఆ గొంతుకి తనే ఉలిక్కిపడింది. అందరం నవ్వాం. ఆ తర్వాత గిన్నె కడిగితే గిన్నె చప్పుడు, మూత పెడితే మూత చప్పుడు. మా ఇంట్లో ఇన్ని వస్తువులున్నాయని అప్పుడే తెలిసినట్టయింది.

అంతలో తమ్ముడొచ్చాడు. బస్సు డిపోలో పని నేర్చుకుంటున్నాడు వాడు. పగలంతా ఇనుము మీద ఇనుము కొట్టి వస్తాడు. వచ్చి, గుమ్మం బయటే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"ఒరేయ్, అమ్మ అరుస్తోంది వినబడటం లేదా? ఇంకా పిల్లిలా నడుస్తావేంట్రా?" అన్నాను.

వాడు బూట్లు పట్టుకునే నిలబడి, "అమ్మ సంగతి నాకేం తెలుసక్కా? చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగింది నువ్వు. నిన్ను చూసి నేర్చుకున్నా. నువ్వింకా తలుపు రెండు చేతుల్తోనే వేస్తున్నావుగా" అన్నాడు.

నా చేతుల వైపు చూసుకున్నాను. నిజమే. ఇందాక నేనూ రెండు చేతులతోనే, గడియ చప్పుడు కాకుండా బొటనవేలు అడ్డం పెట్టి మరీ వేశాను. అమ్మ మారింది. కానీ వాడు అమ్మ దగ్గర నేర్చుకోలేదు. అమ్మ దగ్గర నేర్చుకున్న నా దగ్గర నేర్చుకున్నాడు. నేను మారితే తప్ప వాడికి కబురందదు.

దాని పైవాడెవడో ఉంటాడు.

"ఏంటక్కా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. ఆ బూట్లు కింద పడెయ్."

"పడెయ్యనా?"

"గట్టిగా పడెయ్."

పడేశాడు. నాన్న కిటికీ దగ్గర నుంచి, "శభాష్!" అన్నాడు.

మర్నాడు హాల్లో పొద్దుగూకక ముందే గుడ్డలో తల దూర్చాను. గూటి ముందు దీపం అంకె ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో వెతికాను. అనుకున్నట్టే, వెన్నెల నుంచి కాదు. కాంట్రాక్టరు ఫొటోల కోసం వేరే ఒక ఫైలు రాసిపెట్టి వెళ్ళాడు. ఆ ఫైలు మొదలైన రోజున వెన్నెలని అడిగి అంకె తెచ్చుకుంది. దీపం ఆ ఫైలుని అడిగి తెచ్చుకుంది. నిన్న నేను వెన్నెలకి చెప్పాను, దీపానికి చెప్పాను. మధ్యలో ఉన్నదాన్ని వదిలేశాను. నేను కొత్తది తీసుకోమన్నప్పుడల్లా దీపం బుద్ధిగా మధ్యవాడి దగ్గరికి వెళ్ళి అడిగింది. వాడు పాతదే ఇచ్చాడు. దీపం తప్పేమీ లేదు. పాపం దాన్ని మొండిదని తిట్టాను.

హాల్లో పొద్దు గూకింది. డాక్టరమ్మ వచ్చింది. చేతిలో మూత ఉన్న చిన్న బుట్ట, అందులో మడిచిన తువ్వాలు, వేడినీళ్ళ సీసా. బుట్టని బెంచీ కింద పెట్టి కూర్చుంది. పిన్ని దాని వైపు చూడకుండా, కొమ్మ చివర కొన్ని మిడతల్ని పెట్టొచ్చి, డబ్బా పట్టుకుని నిలబడింది. సారు తలుపు దగ్గర.

వెన్నెలని మళ్ళీ చదివించాను. అది ముందు జరగాలి. తర్వాత ఫొటోల ఫైలుని మళ్ళీ చదివించాను. అది వెళ్ళి వెన్నెలని అడిగింది, కొత్త అంకె తెచ్చుకుంది. ఎంతుందని అడిగితే సరిగ్గా చెప్పింది. ఇక దీపం మిగిలింది. ఒక్కసారిగా ఆర్పకుండా, మబ్బు అడ్డం వస్తున్నట్టు కొద్దికొద్దిగా కొత్త అంకెకి దిగమని రాశాను. వేలు మీట మీద పెట్టి ఒక్క క్షణం ఆగాను. నొక్కాను.

గుడ్డలోంచి తల బయటికి తీసి చూశాను. గూటి గుమ్మంలో తెల్ల గుడ్డలా పరుచుకున్న వెలుతురు అంచుల నుంచి బూడిద రంగుకి తిరిగింది. ఎవరో దాన్ని నెమ్మదిగా లాక్కుంటున్నట్టుంది. చివరికి అక్కడ గుడ్డా లేదు, గుమ్మమూ లేదు. నల్లటిదాని మీద ఇంకాస్త నల్లటిది.

ఎదురుచూశాం. ఎంతసేపో నాకు తెలియదు. ఆ హాల్లో పొద్దు నా చేతిలోనే ఉంటుంది కానీ ఆ వేళ నా చేతిలో ఏమీ లేదు. నీటి చుక్క పడుతోంది. నేను నాన్న గురించి అనుకున్నాను. అన్నేళ్ళు ఒక గోడౌను ముందు చీకట్లో ఇలా కూర్చుని ఏం చూసేవాడు? ఏమీ జరగకుండా చూడటమే ఆయన పని. మేం ఏదైనా జరగాలని చూస్తున్నాం.

పిన్ని నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

గుమ్మంలో రెండు కళ్ళు. వాటి కింద ఒక చెయ్యి బయటికొచ్చి, గాలిని తడిమి, కొమ్మని పట్టుకుంది. తర్వాత రెండో చెయ్యి. మోకాళ్ళ నొప్పుల నడక. బామ్మ కొమ్మ మీదికి వచ్చింది. పొట్టకి ఏదో అంటుకుని ఉంది, అది కదిలింది, దానికీ రెండు కళ్ళున్నాయి. బామ్మ కొమ్మ చివర మిడతల దగ్గర ఆగి, వాసన చూసి, ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని తల కొరికింది. ఆ కరకర హాలంతా వినబడింది. రెండోది తీసుకుంది. మూడోది తీసుకోబోతూ, ఆగి, మా వైపు చూసింది. మేం ఉన్నామో లేమో దానికి అక్కర్లేదన్నట్టు మళ్ళీ తిండిలో పడింది.

పిన్ని నా మణికట్టు వదిలి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. చప్పుడు మాత్రం చెయ్యలేదు. సారు దగ్గరికొచ్చి, నా చెవిలో, "మరి... విజిటర్లకి కనబడదేమో కదమ్మా. కొంచెం..." అన్నాడు. పిన్ని మిడతల డబ్బా ఆయన చేతిలో పెట్టింది. లోపల మిడతలు ఎగిరి మూతకి కొట్టుకున్నాయి. ఆయన ఆ డబ్బాని రెండు చేతులతో దూరంగా పట్టుకుని, "సరే, ఇలాగే ఉండనిద్దాం" అన్నాడు.

డాక్టరమ్మ బెంచీ కింద నుంచి బుట్ట తీసుకుంది. వేడినీళ్ళ సీసా బయటికి తీసి, పిన్ని చేతికిచ్చి, "మీ చేతులు చల్లగా ఉన్నాయి" అంది. ఖాళీ బుట్టతో వెళ్ళిపోయింది. ఆవిడ తలుపు దగ్గరి తెర తొలగించినప్పుడు బయటి మధ్యాహ్నం ఒక గీతలా కనబడి, మూసుకుంది.

అదే తెర సందులోంచి ఒక కుటుంబం లోపలికొచ్చింది. చిన్నపాప తల్లి చెయ్యి పట్టుకుని అద్దం ముందు నిలబడింది.

"అమ్మా, ఏమీ లేదు ఇక్కడ. అంతా చీకటే."

పిన్ని ముక్కు తుడుచుకుని, సీసాని పొట్టకి హత్తుకుని, పాప పక్కన కూర్చుంది.

"తొందరపడకమ్మా," అంది గుసగుసగా. "నీ కళ్ళలో ఇంకా బయటి ఎండే ఉంది. అది దిగనీ."